కోపం గేటు దాకానే

కోవిల్‌పట్టి
1998 ఆగస్టు 12, బుధవారం

మాయక్కాళ్‌కు అక్క రాసేది.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు నేను అగ్గిపెట్టెలు చేసే ఆఫీసులో స్పృహ తప్పి పడిపోయాను. పుల్లలు పేర్చే చట్రం ఒళ్ళో ఉండగానే పక్కకు ఒరిగానట. కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. షుగరు నాలుగు వందల పది అన్నారు. జనవరిలో మూడు వందల ఇరవై ఉండేది. మార్చిలో నూట ఎనభైకి దిగింది. డాక్టరు చీటీలు మూడూ పక్కపక్కన పెట్టి, మార్చి తర్వాత ఏం చేశావమ్మా అని అడిగాడు. ఏమీ చెయ్యలేదు, చేసేది మానేశానన్నాను.

ఎందుకు మానేశానో నీకు తెలుసు. తెలియనట్టు ఉండొద్దు.

జనవరిలో డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నాడు. ఏడున్నరకు ఆఫీసు వ్యాను వీధి చివరికి వస్తుంది. ఆలోపల నీళ్ళు పట్టాలి, వంట చెయ్యాలి. గంట ఎక్కడుంది? అరగంట ఉంది. అరగంట నడిస్తే చాలదు కాబట్టి పరుగెత్తాను. చీర బిగించి, కొడుకు వదిలేసి వెళ్ళిన గుడ్డబూట్లు వేసుకుని, మన వీధి నుంచి రైల్వే గేటు, గేటు దాటి ఇంకొంత దూరం. టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు, “బస్సు పోయింది పెద్దమ్మా, మెల్లగా రా, ఇంకోటి వస్తాది” అనేవాళ్ళు. పక్కింటి టీచరమ్మ ఒకసారి నీ కాయితం మీద ‘పరుగు’ అనే మాట చూసి, మీ చెల్లెలు ఏం తాగమంటోంది అని నవ్వింది. తమిళంలో ఆ మాటకు తాగు అని అర్థమట. మనకు తెలుగు అక్షరాలు రావు, తమిళ అక్షరాల్లో తెలుగు రాసుకుంటామని ఆమెకు చెప్పినా నమ్మలేదు.

వీళ్ళెవరినీ నేను లెక్కచెయ్యలేదు. మార్చిలో నీ కాయితం వచ్చింది. షుగరు వల్ల దగ్గరి అక్షరాలు నాకు అలుక్కుపోతాయి. రాయడం చెయ్యి అలవాటుతో సాగిపోతుంది, చదవడానికే కళ్ళు కావాలి. అందుకని మీ బావ చదివి వినిపించాడు. “నలభై ఆరేళ్ళ మనిషివి, రోజూ రోడ్డు మీద పరుగెత్తితే పరువు తగ్గకుండా ఉంటుందా?” అని రాశావు.

ఆ మాట ఎవరైనా అనొచ్చు. నువ్వు అనకూడదు. పరుగెత్తు అక్కా అని మొదట చెప్పింది నువ్వే. మర్నాడు బూట్లు అటక మీద పడేశాను. ఐదు నెలలయింది. నిన్న పడిపోయాను. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను. జవాబు కోసం కాదు.

అళగమ్మాళ్

*

విరుదునగర్
1998 ఆగస్టు 19, బుధవారం

అక్కకు,

పడిపోయావని చదివి ఆ పూట పప్పు మిల్లుకు పనికి పోలేదు. మిగతాది చదివిన తర్వాత, పోయి ఉంటే బాగుండేదనిపించింది.

అవును, ఆ మాట నేనే రాశాను. ఇప్పుడూ అదే రాస్తాను. రోడ్డు మీద పరుగెత్తితే బరువు తగ్గుతుంది. తగ్గాలనే రాశాను. నీకున్న బరువులో సగం తగ్గినా మంచిదే. ఇందులో తప్పేముంది? ఆ డాక్టరు చెప్తే తల ఊపుతావు, చెల్లెలు చెప్తే బూట్లు అటక మీద పడేస్తావా? బరువు సంగతి నేను కొత్తగా కనిపెట్టలేదు. నీ పెళ్ళిలోనే మన మేనత్తలు దాని గురించి మాట్లాడుకున్నారు. అప్పుడు నువ్వూ నవ్వావు.

నాకూ కోపం ఉంది, అది కూడా రాస్తున్నాను. మే నెలలో నా కూతురికి చెవులు కుట్టించాను. నీ కోసం మధ్యాహ్నం దాకా ఆపాను. కంసాలి రెండుసార్లు లేచి నిలబడ్డాడు. మా అత్తగారు, “మీ అక్క రాదులే, కోవిల్‌పట్టి వాళ్ళ కంటికి మనం ఆనం” అంది. గంటన్నర బస్సు ప్రయాణం. నువ్వు రాలేదు, రాలేనని ఒక కార్డు కూడా రాయలేదు. ఒంట్లో బాగాలేదేమో అని నేను అందరికీ చెప్పాను. ఇప్పుడు తెలిసింది, నామీద అలిగి రాలేదని. అదీ ఈ ఒక్క మాటకు.

నీ ఒళ్ళు నీది. పరుగెత్తితే పరుగెత్తు, లేకపోతే పడిపో. నా కాయితం మీద మాత్రం తొయ్యొద్దు.

మాత్రలు భోజనానికి ముందువా, తర్వాతవా? రాయి.

మాయక్కాళ్

*

కోవిల్‌పట్టి
1998 ఆగస్టు 26, బుధవారం

మాయక్కాళ్‌కు,

నీ కాయితాన్ని మీ బావ రెండుసార్లు చదివాడు. మొదటిసారి విని నేను తప్పుగా విన్నానేమో అనుకుని మళ్ళీ చదవమన్నాను. నువ్వు రాసింది అదే. “నీకున్న పరువులో సగం తగ్గినా మంచిదే.”

మీ బావ కాయితం మడిచి, “నేను చెప్తే కోపం నీకు. ఇప్పుడు నీ తోడబుట్టిందే చెప్తాండాది” అన్నాడు. ఆయనకు తిరిగి అనడానికి నువ్వు ఏమీ మిగల్చలేదు.

పరువు పోయే పని నేనేం చేశాను? ఒకరింట్లో దొంగతనం చేశానా? ఒకరితో లేచిపోయానా? చీర కొంగు జారకుండా పిన్నీసు పెట్టుకుని, తల దించుకుని, రోడ్డు పక్కన పరుగెత్తాను. నా పెళ్ళిలో మేనత్తలు నా పరువు గురించి మాట్లాడుకున్నారా? ఇరవై ఐదేళ్ళ తర్వాత ఆ మాట నాకు చెప్తున్నావా? నేను నవ్వానా? ఏం మాట్లాడుకున్నారో తెలియక నవ్వి ఉంటాను. నువ్వు తెలిసి ఇన్నాళ్ళూ దాచుకున్నావు.

చెవులు కుట్టించిన రోజు నేను ఇల్లు కదల్లేదు. కొత్త చీర కట్టుకుని కూర్చున్నాను. అంత మాట అన్న మనిషి గుమ్మం ఎట్లా తొక్కేదని చీర విప్పేశాను. అది నిజం. నీ కూతురి మీద నాకేమీ లేదు.

ఆఫీసులో నాకు కూర్చుని లేబుళ్ళు అంటించే పని ఇచ్చారు. మాత్రలు భోజనానికి ముందువి. అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇంకేమీ అడగొద్దు, రాయొద్దు. వచ్చినా చదివించుకోను.

అళగమ్మాళ్

*

విరుదునగర్
1998 సెప్టెంబరు 6, ఆదివారం

అక్కా,

ఈ కాయితాన్ని ఇంటికి పంపడం లేదు. నీ ఆఫీసుకు, మారిసెల్వి పేరు మీద పంపుతున్నాను. నీ పక్కన కూర్చుని పని చేసే అమ్మాయి, మన తెలుగే అని చెప్పావు కదా. ఆమె చేతే చదివించుకో. బావ చేత వద్దు. ఎందుకో కింద ఉంది.

నీ రెండో కాయితాన్ని రెండు రోజుల్లో నాలుగుసార్లు చదివాను. నేను రాసిందేమిటి, నువ్వు రాస్తున్నదేమిటి అని తల పట్టుకున్నాను. ఒక అడ్డమైన మాట కూడా నేను రాయలేదు. దొంగతనం ఏమిటి, లేచిపోవడం ఏమిటి? మూడో రోజు మా ఆయన పప్పు మిల్లు నుంచి వచ్చి, దుమ్ము కూడా దులుపుకోకుండా గూట్లో ఉన్న ఆ కాయితం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

“ఏందే, మీ అక్క పరువు పరువు అని ఏడుస్తాండాది. ఈ వయసులో ఎవురేమన్నారు ఆమెను?”

“పరువు కాదు, బరువు. సరిగ్గా చదువు” అన్నాను.

“నువ్వు చదువు. బరువు పోతే ఎవురైనా దొంగతనం గురించి మాట్లాడతారా? ఇది పరువే.”

నేను లాక్కుని చూశాను. అప్పటిదాకా నేను చదివిన చోటల్లా బరువు అనే చదివాను. ఆయన చదివితే అన్నిచోట్లా పరువే. కాయితం ఒకటే, అక్షరం ఒకటే. తమిళంలో ‘ప’కు, ‘బ’కు వేరువేరు అక్షరాలు లేవు. ఒకే గుర్తు. చదివేవాళ్ళు ఏది అనుకుంటే అది.

అక్కా, నేను రాసింది బరువు. ఒంటి బరువు. తమిళంలో ఎడై అంటారే, అది. కాటా ఎక్కి కిలోల్లో చూసేది. మార్చిలోనూ అదే, ఆగస్టులోనూ అదే. ‘రోజూ పరుగెత్తితే బరువు తగ్గకుండా ఉంటుందా’ అన్నాను. తగ్గుతుంది, ఆపొద్దు అని అర్థం. నీ పెళ్ళిలో మేనత్తలు మాట్లాడుకున్నది నువ్వు కూర్చుంటే పీట విరిగిన సంగతి. ఆ పీట విరిగినందుకే నువ్వు నవ్వావు.

ఇంతవరకు అక్షరం తప్పు. ఇక నీ తప్పు చెప్తాను. పుట్టినప్పటి నుంచి నన్ను ఎరుగుదువు. నీ పరువు సగం పోతే మంచిదని నేను రాస్తానా? అది విన్నప్పుడు, ‘మాయక్కాళ్ అట్లా రాయదు, మళ్ళీ చూడు’ అని నీ నోటికి రాలేదా? ఐదు నెలలు రాలేదా? నువ్వు పడిపోయినందుకు నాకు ఎంత కోపంగా ఉందో, నమ్మినందుకు అంతకంటే ఎక్కువగా ఉంది.

ఇంకో సంగతి. ఆ కాయితం చదివింది నువ్వు కాదు. చదివిన మనిషిని ఒకసారి అడుగు.

మాయక్కాళ్

*

కోవిల్‌పట్టి
1998 సెప్టెంబరు 14, సోమవారం

మాయక్కా,

అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గురువారం భోజనాల వేళ మారిసెల్వి నీ కాయితం చదివింది. మర్నాడు నేను పాతవి రెండూ రవికలో పెట్టుకుని పోయాను. మార్చిది మొదట ఇచ్చాను, ఏమీ చెప్పకుండా. ఆమె సాంబారన్నం ఒక చేత్తో కలుపుతూ చదివింది. బరువు అన్నచోట ఒక్క క్షణం కూడా ఆగలేదు.

“పరువు అని కూడా చదవొచ్చు గదా” అన్నాను.

“చదవొచ్చు. ఏంటికి చదవాల అక్కా? ముందర డాక్టరు అని ఉండాది, ఎనక సన్నబడతావు అని ఉండాది. నడాన పరువు ఎట్ల వస్తాది?”

సన్నబడతావు అని నువ్వు రాశావని నాకు ఆరోజే తెలిసింది. మీ బావ ఆ ముక్క చదవలేదు.

సాయంత్రం నేను వ్యాను ఎక్కలేదు. నడిచి నేరుగా మిరపకాయల మండీకి పోయాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మండీ లోపలికి పోవడం అదే మొదలు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కాటా దగ్గర నిలబడి మూటల తూకం చెప్పే మనిషి మీ బావ. మూట ఎక్కుతోంది, దిగుతోంది, ఆయన చెప్తున్నాడు, గుమాస్తా రాసుకుంటున్నాడు. ఘాటుకు నాకు తుమ్ములు. నలుగురు హమాలీలు తిరిగి చూశారు. కాయితం ఆయన చేతికిచ్చి, ఇది చదువు అన్నాను.

“ఇంటికి పో. ఇక్కడొద్దు.”

“ఇక్కడే. బరువు తూచే చోటనే చదువు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు బరువు అన్నావు ఈ మూటలకు? నీకు నా చెల్లెలి కాయితంలో బరువు కనిపించలేదా?”

నేను అనుకున్నాను, ఇంక మాట ఉండదని. ఉంది. ఆయన నన్ను గోడ పక్కకు తీసుకుపోయి నెమ్మదిగా చెప్పాడు. “మండీలో ఎవురు తెలుగు మాట్లాడతారు? ఇక్కడ ఎడై అంటాము. ఎడై ముప్పై ఎనిమిది, ఎడై నలభై. బరువు అనే మాట నేను అని ఎన్నేళ్ళయిందో. నా కంటికి అది పరువు అనే పడింది. నేనేం చేసేది?”

అది అబద్ధమని నేను రుజువు చెయ్యలేను. నిజంగా మండీలో అందరూ తమిళమే. అబద్ధం కాదని కూడా నమ్మలేను. సన్నబడతావు అనే మాట ఎట్లా వదిలేశావని అడిగాను. కాటా వైపు చెయ్యి చూపించి, మూటలు ఆగిపోయినాయి పో అన్నాడు.

ఇంటికి వస్తూ అనుకున్నాను. మండీలో ఆ మనిషిది ఎడై. ఇంట్లో పరువు. నేను మోసేదానికి ఆయన దగ్గర మాటే లేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. ‘మాయక్కాళ్ అట్లా రాయదు’ అని నాకు ఎందుకు తోచలేదంటే, నేను విన్నది నీ మాటను కాదు, ఆయన గొంతును. ఆ గొంతు ఆ మాట ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా అంటూనే ఉంది. కొత్తగా అనిపించలేదు. నామీద నీకు కోపం ఉంటే ఉంచుకో. నాది ఇప్పుడు నీమీద లేదు.

ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టాను. తెల్లారి అటక మీద నుంచి బూట్లు తీశాను. ఎలుక ఒకదాని నాలుక కొరికింది, రెండోది బాగానే ఉంది. వేసుకుని పరుగెత్తాను. ఎంత కోపంగా ఉందంటే, టీకొట్టు వాళ్ళు నా ముఖం చూసి ఈసారి బస్సు మాట అనలేదు. గేటు దాకా ఒక్క ఊపున పోయాను. గేటు వేసి ఉంది, గూడ్సు పోతోంది. నిలబడ్డాను. గూడ్సు పోయింది, గేటు లేచింది, నా కాలు లేవలేదు. కోపం అయిపోయింది. ఒట్టి ఆయాసం మిగిలింది. వెనక్కి నడిచి వచ్చాను.

మర్నాడూ అంతే. ఇవాళ గేటు తెరిచే ఉంది, అయినా అంతే. కోపం సరిగ్గా గేటు దాకా తీసుకుపోతుంది, అక్కడ దింపేస్తుంది. గేటు దాటితే కానీ చెమట పట్టదు, చెమట పట్టకపోతే షుగరు దిగదు. షుగరు భయంతో పరుగెత్తుదామంటే, ఆ భయం రాత్రి పడుకున్నప్పుడు ఉంటుంది, పొద్దున చల్లగాలికి ఉండదు. నువ్వు తెలివైనదానివి. దేనితో పరుగెత్తాలో చెప్పు.

అళగమ్మాళ్

*

విరుదునగర్
1998 సెప్టెంబరు 20, ఆదివారం

అక్కకు,

నీ కాయితం మా ఆయనకు చదివి వినిపించాను. “మా షడ్డకుడు తెలిసే చదివినాడు” అన్నాడు. అరగంట తర్వాత, “తెలీక కూడా చదివుండొచ్చు” అన్నాడు. మగవాళ్ళు మగవాళ్ళ పక్షం చేరడానికి అరగంట పడుతుంది. నేనైతే ఇంకా మొదటి మాట మీదే ఉన్నాను. మండీకి పోయి అడిగావు చూడు, నేనైతే కాయితం ఆయన నోట్లో కుక్కి వచ్చేదాన్ని.

కానీ ఒకటి చెప్తాను, తిట్టుకున్నా సరే. బావ తెలిసి చదివాడా, తెలియక చదివాడా అన్నది నీకు ఎప్పటికీ తేలదు. ఆయనకే తేలకపోవచ్చు. దాన్ని పట్టుకుని పరుగెత్తితే గేటు దగ్గరే ఉంటావు.

దేనితో పరుగెత్తాలి అంటే నాకేం తెలుసు? నేను బస్సు కోసం తప్ప పరుగెత్తను. దేవుడికి మొక్కుకో అని మా అత్తగారు అంటోంది. ఆమె మొక్కుకున్నవి చూస్తే దేవుడు మా వీధికి రావడం లేదు. పిల్లల కోసం పరుగెత్తు అనొచ్చు. నీ కొడుకు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పడుకుని లేస్తాడు, నీ పరుగు వాడికి కనిపించదు. నేను పెద్ద మాటలు రాసి, అవి నీకు ఇంకోలా వినపడి, మళ్ళీ ఐదు నెలలు పోగొట్టుకోలేను.

నా సంగతి చెప్తాను, పనికొస్తే తీసుకో. మిల్లులో పప్పు ఏరే దగ్గర కొత్త మేస్త్రీ వచ్చాడు. లేచి నిలబడితే గడియారం చూస్తాడు. నీళ్ళు తాగితే చూస్తాడు. పొద్దున లేవగానే వాడి ముఖం గుర్తొచ్చి కాళ్ళు ముందుకు పడవు. మిల్లుకు రెండు దారులున్నాయి. దగ్గర దారి వదిలేసి చుట్టుదారిన పోతున్నాను. ఎందుకో చెప్తే నవ్వుతావు. ఆ దారిలో ఒక ఇంటి వసారాలో చిలక ఉంది. పోయేవాళ్ళనందరినీ తమిళంలో ‘ఎరుమై’ అంటుంది. బర్రె అని. బ్యాంకు ఆఫీసరును అంటుంది, పూలమ్మిని అంటుంది, నన్నూ అంటుంది. రోజూ దానిచేత బర్రె అనిపించుకోవడానికి పోతున్నాను. అది అన్నాక మిల్లు దాకా కాళ్ళు వాటంతట అవే పోతాయి. ఇంతకంటే కారణం నాకు లేదు.

గేటు అవతల నీకు కావలసింది ఏదైనా ఉందేమో చూసుకో. పెద్దది వద్దు. పెద్దదైతే రోజూ ఉండదు.

ఎలుక కొరికిన బూటుకు గుడ్డ వేసి కుట్టించు. షుగరు కాలికి గాయం కాకూడదు.

మాయక్కాళ్

*

కోవిల్‌పట్టి
1998 అక్టోబరు 7, బుధవారం

మాయక్కా,

షుగరు రెండు వందల ముప్పై. నిన్న చూశారు. డాక్టరు, మళ్ళీ మొదలుపెట్టావా అన్నాడు. పెట్టానన్నాను. కాళ్ళు రెండూ తిప్పి చూసి, గాయాలు లేవన్నాడు. కొత్త బూట్లు కొనమన్నాడు.

నీ చిలక కాయితాన్ని మారిసెల్వి ఆఫీసులో అందరికీ చదివింది. ఇప్పుడు ఇక్కడ ఒకరినొకరు ఎరుమై అనే పిలుచుకుంటున్నాము. నీ కాయితం వచ్చిన మర్నాడు గేటు దగ్గర ఆగినప్పుడు, సరే, అవతల ఏముందో చూద్దామని నడిచాను. గోదాములున్నాయి, లారీలు ఆపే చోటు ఉంది. దాటితే రేకుల షెడ్డు. కడలమిట్టాయి చేసే షెడ్డు. వేరుశనక్కాయలు వేయించి, బెల్లం పాకంలో వేసి ముక్కలు కోస్తారే, అది. ఈ ఊళ్ళో పుట్టి దాని వాసన ఎరగనిదాన్ని కాదు. కానీ పొద్దున్నే పెద్ద బాణలిలో బెల్లం పాకం పొంగి, ముదిరి, దించబోయే ముందు ఒక వాసన వస్తుంది. కొట్టులో కొన్న ముక్కకు అది ఉండదు. పాకం దించాక ఉండదు. జనవరి నుంచి నా నోట్లో తీపి పడలేదు. అక్కడ నిలబడి ఊపిరి పీల్చాను. డాక్టరు తినొద్దన్నాడు. వాసన చూడొద్దనలేదు.

మర్నాడు నేను పోయేసరికి పాకం దించేశారు. ఒట్టి పొగ వాసన. ఇంకొంచెం వేగంగా వచ్చి ఉంటే దొరికేదనిపించింది. అంతే. ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర ఆగడం లేదు. గేటు వేసి ఉంటే రైలును తిడుతున్నాను. వాసన దొరికిన రోజు వచ్చేటప్పుడు కూడా పరుగే. దొరకని రోజు రేపటి కోసం పరుగు.

షెడ్డులో ముత్తుసామి అని పాకం చూసే ఆయన ఉన్నాడు. వారం రోజులు చూసి, ఒక ముక్క చేతిలో పెట్టబోయి, తమిళంలో అడిగాడు, రోజూ వచ్చి నిలబడి పోతావు, కొనవు, ఏమిటమ్మా అని. షుగరు అన్నాను. ముక్క వెనక్కి తీసుకున్నాడు. మరి ఎందుకు వస్తున్నావన్నాడు. దీనికే అన్నాను. ఆయన నిన్నటి నుంచి బాణలి దగ్గర అడ్డుగా ఉండే డబ్బాలు పక్కకు జరిపాడు, గాలి రోడ్డు మీదికి రావడానికి.

ఇంతవరకు బాగుంది. మిగతాది బాగాలేదు.

మీ బావకు ఎవరో చెప్పారు, నీ పెళ్ళాం పొద్దున్నే మిట్టాయి షెడ్డు ముందు నిలబడుతోందని. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. నేరుగా వాళ్ళ అన్న చెల్లయ్య దగ్గరికి పోయాడు. సోమవారం సాయంత్రం చెల్లయ్య వచ్చి, కాఫీ పుచ్చుకుని, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

“ఏమ్మా అళగు. మన ఇండ్లల్లో ఆడది పరుగెత్తేది రెండు వేళలే. ఇల్లు కాలినప్పుడు, పిల్ల బాయిలో పడినప్పుడు. నీ ఇంట్లో ఏం కాలింది?”

“నా ఒళ్ళు, బావగారూ. నాలుగు వందల పది.”

“అదంతా మాత్ర మింగితే పోతాది. ఊళ్ళో తల ఎత్తుకోలేక ఉండాము. తమ్ముడు మండీలో ఎట్ల నిలబడతాడు?”

“ఎప్పటిలాగానే. కాటా పక్కన.”

మీ బావ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చీటీ తీసి చెల్లయ్య ముందు పెట్టాను. చూడలేదు. మన వాళ్ళ పెద్దలు నలుగురిని పిలుస్తాను, ఆదివారం పది గంటలకు మీ ఇంట్లోనే కూర్చుని తేలుస్తామన్నాడు. పదికైతే మంచిదే, అప్పటికి నేను పరుగెత్తి వచ్చి స్నానం చేసి ఉంటానన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అట్లయితే పది కాదు, పొద్దున ఆరు గంటలకే వస్తామన్నాడు. నేను ఇల్లు కదలకుండా చెయ్యడానికి. మీ బావ అప్పుడు నోరు తెరిచాడు. “ఆరుకు వద్దన్నా, అది ఇంట్లో లేని వేళ” అన్నాడు. చెల్లయ్య, “అందుకే ఆరు అంటాండా” అన్నాడు.

ఆయన అట్లా ఎందుకన్నాడో నాకు తెలియదు. నా పక్షమా, లేక వాళ్ళు వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే పరువు పోతుందని భయమా? అడగలేదు. అడిగితే ఇంకో రెండు అర్థాలు చెప్తాడు.

నాకు కోపం తగ్గలేదు మాయక్కా. తగ్గిందని రాస్తే అబద్ధం. అన్నం వడ్డించేటప్పుడు ఉంది, ఆయన చెప్పులు గుమ్మంలో చూసినప్పుడు ఉంది. దాన్ని ఇంట్లోనే ఉంచి తలుపు వేసి పోతున్నాను, అంతే. పరుగుకు అది అక్కర్లేదని తెలిసింది.

పెద్దల కూటానికి ఆడవాళ్ళను పిలవలేదు. నేను నిన్ను పిలుస్తున్నాను. శనివారం సాయంత్రం బస్సుకు రా. ఆదివారం ఆరు గంటలకు పెద్దలు నలుగురూ చెల్లయ్యా వస్తారు. తలుపు తియ్యడానికి, కాఫీ పోసి కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. డాక్టరు చీటీలు నాలుగూ గూట్లో పెట్టి ఉంచుతాను. అందరికీ ఇవ్వు, ఎవరైనా చదువుతారేమో చూడు. తమిళంలో, అంకెల్లో ఉన్నాయి.

నేను ఐదున్నరకు బయల్దేరతాను. ఆ రోజు బాణలి ఆరు దాటాకే దించుతానని ముత్తుసామి చెప్పాడు. ఏడుకు ఇంటికి వస్తాను.

అళగమ్మాళ్